తెర వెనక నుంచి చూసిన కోటు

మా మేనత్త పనిలోకి దిగేటప్పుడు ఒక బూడిదరంగు కోటు తొడుక్కుంటుంది. దాని ఒక జేబులో సుద్దముక్కలు, ఇంకో జేబులో టేపు, కాలరు అంచున వరసగా గుచ్చిన గుండుసూదులు ఉంటాయి. బొత్తాలు మామూలుగా తీసే ఉంటాయి. ఆమె టైలరింగు కొట్టుకి వచ్చిన వాళ్ళెవరైనా నోరు పారేసుకుంటే మాత్రం అత్త మారుమాట్లాడదు. కుర్చీలోంచి లేచి నిలబడి, పైనుంచి కిందికి ఒక్కొక్క బొత్తామే నిదానంగా పెట్టుకుంటుంది. రెండో బొత్తాం దాకా వచ్చేసరికి ఎదుటి మనిషికి తనేం కూశాడో తనకే వినబడటం మొదలవుతుంది. మూడోది పెట్టాల్సిన అవసరం నాకు తెలిసి రెండుసార్లే వచ్చింది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే "సినిమాల్లో" అంటుంది. నిలబడటం, ఒకే మాట మీద ధర చెప్పడం, ఇష్టంలేని పనిని నొప్పించకుండా వద్దనడం, అన్నీ అక్కడివేనట. మన సినిమాలు కావు. హాలీవుడ్ సినిమాలు, అందులోనూ పాతవి, నలుపు తెలుపువి. అత్తకి ఇంగ్లీషు ముక్క రాదు. "రాకపోవడమే మంచిదైందిరా. భాష వస్తే మాటలు వింటాం. రాకపోతే మనిషిని చూస్తాం" అంటుంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు కాబట్టి నేనూ ఒప్పేసుకున్నాను.

మా తాత కాగితం మిల్లులో పనివాళ్ళకి చొక్కాలు కుట్టేవాడు. మిల్లు ఆఫీసర్లకి ఒక క్లబ్బు ఉండేది. వారానికోసారి, పొద్దుగూకగానే, క్లబ్బు పచ్చికలో రెండు ఇనుప గుంజల మధ్య తెల్లటి తెర కట్టి సినిమా వేసేవాళ్ళు. తెర ముందు కుర్చీలు, కుర్చీల్లో ఆఫీసర్ల కుటుంబాలు. అటువైపు పనివాళ్ళు రాకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, వచ్చేవాళ్ళూ లేరు. కానీ తెర పల్చటి గుడ్డే కదా, బొమ్మ అవతలికీ పడుతుంది. పనివాళ్ళు, వంటవాళ్ళు, తోటమాలులు, పిల్లాజెల్లాతో సహా తెర వెనక గడ్డిలో కూర్చుని చూసేవాళ్ళు. లౌడ్ స్పీకరు కూడా వెనకవైపే ఉండేది. "మాటలు ముందు మా చెవిన పడ్డాకే కుర్చీల వాళ్ళకి వెళ్ళేవి" అని అత్త ఇప్పటికీ గొప్పలు పోతుంది. తెర మీద అక్షరాలు తిరగబడి కనిపించేవి. ఎటునుంచి చూసినా చదవలేని వాళ్ళకి అవి ఎటు తిరిగితే ఏం?

అలా ఏడేళ్ళు చూసింది. ఆమెకి పద్నాలుగేళ్ళప్పుడు వచ్చిన ఒక సినిమా ఆమె బతుకుని మార్చేసింది. ముందు వారం వానలకి వంతెన కొట్టుకుపోయి, సినిమా డబ్బాలు తీసుకెళ్ళాల్సిన లారీ రాలేదు. వేరే బొమ్మ లేక క్లబ్బు వాళ్ళు అదే సినిమాని ఆరు సాయంత్రాలు వేశారు. మూడో రోజుకే కుర్చీలు ఖాళీ. తెర వెనక గడ్డిలో మా అత్త మాత్రం ఆరు రోజులూ కదల్లేదు.

కథ చిన్నదే. పుస్తకాల కొట్లో ఒక గుమస్తా. గోడ నిండా బీరువాలు, వాటికి చక్రాల నిచ్చెన. ఒకామె రోజూ వచ్చి అన్నిటికన్నా పై అరలో ఉన్న పుస్తకమే అడుగుతుంది. అతను నిచ్చెనెక్కి, చెయ్యి పైకెత్తి తీసిస్తాడు. ఇద్దరూ మనసులో మాట చెప్పుకోరు. ఇంతలో కొట్టు చేతులు మారుతుంది. కొత్త యజమాని పదిమంది ముందు అతన్ని చులకన చేస్తాడు. అతను లేచి, కోటు బొత్తాలు పెట్టుకుని, ఒక్క వాక్యం చెప్పి బయటికి నడుస్తాడు. మర్నాడు ఊరొదిలి వెళ్ళిపోతూ ఆ కోటుని నిచ్చెనకి తగిలించి పోతాడు. ఆమె వస్తుంది. మనిషి లేడు, కోటు ఉంది. ఆమె దాన్ని తొడుక్కుని ఒక్కొక్క బొత్తామే పెట్టుకుంటుంది. ఆమె వేళ్ళు, బొత్తాలు తెర నిండా కనిపిస్తాయి. అంతే, సినిమా అయిపోతుంది.

"అందరూ కథ చూశారు, నేను చంక చూశాను" అంటుంది అత్త. అతను పై అర కోసం చెయ్యెత్తినప్పుడు కోటు కిందంచు పైకి లేవలేదు. మా తాత కుట్టిన చొక్కా వేసుకుని చెయ్యెత్తితే బొడ్డు కనిపించేది. కోటు అంత బిగుతుగా ఉండి కూడా ఎందుకు లేవలేదో ఆలోచించి ఆలోచించి ఆమెకి నిద్రపట్టలేదు. రెండో రోజు భుజం చూసింది, మూడో రోజు వీపు, నాలుగో రోజు కాలరు, చివరి రెండు రోజులూ బొత్తాలు, కాజాలు. పగలు గోనెగుడ్డ మీద సుద్దతో గీసి కత్తిరించేది. చంక కోత కిందికి దించితే చెయ్యికి వదులు దొరుకుతుందని అందరూ అనుకుంటారు. పైకి జరిపితేనే చెయ్యి స్వేచ్ఛగా లేస్తుందని ఆమె పదకొండో గోనెసంచి దగ్గర కనిపెట్టింది. గోనెసంచులు మాయమవుతున్నాయని మా నాయనమ్మ ఎలుకల్ని తిట్టుకుంది.

అత్త పెద్దదై కొట్టు పెట్టాక మా ఊరి కోర్టు లాయర్లంతా ఆమె దగ్గరే కోట్లు కుట్టించుకున్నారు. అంతకుముందు ఊళ్ళో కోటు కుట్టేవాళ్ళే లేరు. లాయరు అన్నాక చెయ్యెత్తకుండా వాదించలేడు కదా, అత్త కోటు వాళ్ళకి బాగా కుదిరింది. నలభై ఏళ్ళలో ఎంతమంది లాయర్లు వచ్చారో, వాళ్ళ పొట్టలు ఎప్పుడు పెరిగాయో, ఎవరికి ఒక భుజం వాలుగా ఉందో ఆమెకి కంఠతా వచ్చు.

ఆ కోట్లలో ఒక విశేషం ఉంది. మగవాళ్ళ చొక్కాకి ఎడమ అంచు పైకి వస్తుంది, కుడి అంచు దాని కింద ఉంటుంది. చొక్కాలు తాత నేర్పినట్టే కుట్టేది. కోటుకి మాత్రం ఆమె కుడి అంచు పైకి తెచ్చేది. ఎందుకని ఎవరైనా అడిగితే, "చొక్కా ఒకవైపు మూసుకుంటే కోటు ఇంకోవైపు మూసుకోవాలి. అప్పుడే గాలి దూరదు. అసలైన కోటు అలాగే ఉంటుంది. నా కళ్ళతో ఆరు రోజులు చూశాను" అనేది. ఆ ధీమా చూశాక ఇక అడిగేవాళ్ళు ఎవరు?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. హాలీవుడ్ వాళ్ళంతా ఎడమచేతి వాటమని అత్త చెప్పేది. ఎడమచేత్తోనే రాస్తారట, ఎడమచేత్తోనే కరచాలనం చేస్తారట. చిన్నప్పుడు ఆమె కుట్టుమిషను పక్కన కూర్చుని ఈ సినిమాల కథలన్నీ విన్నవాణ్ణి కాబట్టి నాకు పన్నెండేళ్ళు వచ్చేదాకా నమ్మాను. పెద్దయ్యాక పాత సినిమాలు నేనే చూసి, "అత్తా, వాళ్ళు కుడిచేత్తోనే రాస్తున్నారే" అంటే, "అవి వేరే ఊరివై ఉంటాయిలే" అని కొట్టిపారేసింది. కథ చెప్పేవాళ్ళు కాస్త కలుపుతారులే అనుకుని వదిలేశాను. ఆమె మాత్రం మిల్లు మూతపడ్డాక మళ్ళీ ఒక్క పాత సినిమా చూడలేదు. టీవీలో వస్తే చూడదు. "అంతంత మనుషుల్ని ఆ డబ్బాలో కుక్కితే నేను చూడలేను. నా సినిమా దొరికిన రోజు, గుడ్డ తెర కట్టి పిలువు" అంది.

నేను ఊరి గ్రంథాలయంలో పనిచేస్తాను. ఆదివారాలు అక్కడి హాల్లో తెర కట్టి పాత సినిమాలు వేస్తాను. అత్త సినిమా పేరు ఆమెకే తెలియదు కనుక, కోటు, నిచ్చెన, పై అర అని కథ రాసి, పాత సినిమాలు భద్రపరిచే వాళ్ళందరికీ మూడేళ్ళపాటు ఉత్తరాలు పంపాను. ఆఖరికి ఈ ఏడు ఒకచోట నుంచి డిస్కు వచ్చింది. దాన్ని ఇంకా పెట్టెలోంచి తీయకముందే కొట్లో గొడవ మొదలైంది.

గొడవ తెచ్చింది ఒక కొత్త లాయరు. రెండేళ్ళ కిందట నల్లకోటు వేసుకున్నవాడు, మంచి కుర్రాడే. ఒక కేసు పనిమీద నగరంలో పెద్ద కోర్టుకి వెళ్తే, అక్కడి లాయరొకడు అతన్ని ఎగాదిగా చూసి, "తొందర్లో చెల్లెలి కోటు వేసుకొచ్చారా?" అన్నాడట. కోటు కుడి అంచు పైకి ఉంటే అది ఆడవాళ్ళ కోటట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇతను మర్నాడు మా ఊరి బార్ రూములోకొచ్చి సంగతి చెప్పాడు. గదిలో ఇరవైరెండు మంది లాయర్లు తలలు వంచి తమ బొత్తాల వంక చూసుకున్నారు. ఆ నిమిషం అక్కడ ఉండే అదృష్టం నాకు లేకపోయింది.

మర్నాడు ముగ్గురు కొట్టుకొచ్చారు. కొత్త లాయరు, బార్ కార్యదర్శి, వాళ్ళతో పెద్ద లాయరు. ఈ పెద్ద లాయరుగారికి అరవై ఆరేళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అత్త కోటే వేసుకుంటున్నారు. కోర్టులో ఆయన గొంతు వీధి చివరికి వినిపిస్తుంది, ఆ రోజు మాత్రం కుట్టుమిషను పక్కన నిలబడి దాని చక్రం వంక చూస్తూ ఉండిపోయారు. నేను అత్తకి మధ్యాహ్నం భోజనం తెచ్చి అక్కడే ఉన్నాను.

"టైలరమ్మా, ఏమీ అనుకోవద్దు" అన్నాడు కార్యదర్శి. "కాజా ఒకసారి కోశాక దాన్ని పూడ్చలేం కదా. ఉన్న కోట్లు ఎలాగూ మార్చలేం. ఇకమీదట అందరం రెడీమేడ్ కొట్లో తీసుకుందామని అనుకుంటున్నాం."

"ఎందుకు?" అంది అత్త.

"మీరు కుట్టేది ఆడవాళ్ళ వైపు అమ్మా. మొదటినుంచీ తప్పే" అన్నాడు కొత్త లాయరు.

అత్త లేచింది. మొదటి బొత్తాం పెట్టుకుంది.

"బాబూ, నేను తప్పు కుట్టానంటే నాకు కోపం లేదు. చూడంది కుట్టానంటే ఒప్పుకోను. నేను చూసిందే కుట్టాను, దారం తేడా లేకుండా." రెండో బొత్తాం పెట్టుకుంది. "వీడు నా సినిమా తెప్పించాడు. ఆదివారం పొద్దున పది గంటలకి మీ బార్ మొత్తం గ్రంథాలయానికి రండి. ఆ సినిమాలో బొత్తాలు నా కోటుకి ఉన్నట్టు లేకపోతే, ఇదిగో ఈ కత్తెర మీ చేతుల్లో పెట్టేస్తాను. కొట్టు షట్టరు దించేస్తాను."

అది తాత కత్తెర. ఆమె తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోగా నేను చూడలేదు. పెద్ద లాయరుగారు ఏదో అనబోయి ఆగిపోయారు. వాళ్ళు వెళ్ళాక నేను, "ఎందుకత్తా అంత మాట?" అన్నాను. "భయమెందుకురా? సాక్ష్యం నా వైపే ఉంది" అని ఆమె నా ముందే హాయిగా అన్నం తింది. ఆ కొట్టు లేకపోతే ఆమె ఏం చేస్తుందో నేను ఊహించలేను. పెళ్ళి వద్దనుకున్న మనిషి. ఆమె ఇల్లూ, ఊరూ, పరువూ అన్నీ ఆ కత్తిరింపుల బల్లే.

శనివారం మధ్యాహ్నం డిస్కు సరిగ్గా ఆడుతుందో లేదో చూద్దామని హాల్లో ఒక్కణ్ణే కూర్చుని పెట్టాను. బొమ్మ తళతళలాడుతోంది. హీరో కొట్టు తలుపు తీసి, బల్ల ముందు కూర్చుని, చిట్టా తెరిచి రాయడం మొదలుపెట్టాడు. కుడిచేత్తో రాస్తున్నాడు.

అప్పుడు తట్టింది నాకు. తెర వెనక కూర్చుంటే ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది. ఆరు రోజులు కాదు, ఏడేళ్ళూ ఆమె ప్రతిదాన్నీ తిరగేసి చూసింది. బొత్తాల సీను దాకా ఉగ్గబట్టుకుని చూశాను. అనుకున్నంతా అయింది. ఎడమ అంచు పైకి, కుడి అంచు కిందికి. పుస్తకాల మధ్య ఉద్యోగం, పాత సినిమాల పిచ్చి, ఇన్ని ఉండి ఇంత చిన్న సంగతి ముప్పై ఏళ్ళుగా నా బుర్రకి తట్టనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

ఆమెకి చెప్పేద్దామని పరుగున వెళ్ళాను. అత్త బూడిదరంగు కోటుని ఇస్త్రీ చేస్తోంది, ఆదివారానికి. కత్తెరకి నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టింది. "ఏరా, బొమ్మ బాగుందా?" అంది. ఆమె ముఖం చూస్తే పద్నాలుగేళ్ళ పిల్ల కనిపించింది. యాభైమూడేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషికి రేపు చూడబోయేది తిరగేసి ఉంటుందని ఎలా చెప్పను? "బాగుందత్తా" అన్నాను. ఇంటికొచ్చి పిరికివాడినని ఒప్పుకున్నాను.

ఆదివారం పదింటికి హాలు నిండిపోయింది. లాయర్లు తమ కోట్లతోనే వచ్చారు, సాక్ష్యంతో పోల్చుకోవాలి కదా. కిటికీలకి నల్ల గుడ్డలు కట్టాం. అత్త మొదటి వరసలో, కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెర ముందు కుర్చీలో కూర్చుని ఇలాంటి సినిమా చూడటం ఆమెకి జీవితంలో ఇదే మొదటిసారని ఆ హాల్లో నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

సినిమా మొదలైంది. మూడు నిమిషాలు కాకముందే అత్త గొంతు వినిపించింది.

"వీడేంటి, కుడిచేత్తో రాస్తున్నాడు?"

ఎవరో కిసుక్కుమన్నారు. నిచ్చెన ఆమెకి తెలిసినట్టు ఎడమ చివర లేదు, కుడి చివర ఉంది. ఆ అమ్మాయి అటునుంచి రావాల్సింది ఇటునుంచి వచ్చింది. అత్త తల అటూ ఇటూ తిరగడం వెనక నుంచి నేను చూస్తూనే ఉన్నాను. తన సొంత ఇంట్లో ఎవరో సామానంతా మార్చి పెట్టినట్టు ఉంది ఆమెకి.

ఒక విచిత్రం మాత్రం జరిగింది. బొత్తాలు చూడ్డానికి వచ్చిన లాయర్లు బొత్తాలు మర్చిపోయారు. నిచ్చెన మీద మనిషి, కింద తలెత్తి నిలబడ్డ మనిషి, మధ్యలో ఒక పుస్తకం. ఆమె "థాంక్యూ" అనడానికి ఎంతసేపు తీసుకుందో! ఈ రోజుల్లో ఆ వ్యవధిలో రెండు పాటలు, ఒక కొట్లాట అయిపోతాయి. తొందరలేని మనుషుల్ని చూస్తుంటే చూసేవాడి తొందర కూడా తగ్గుతుంది. అందుకే అవి పాతబడవని నా నమ్మకం. కొత్త లాయరు ఫోను జేబులో పెట్టేసి ముందుకి వంగి కూర్చున్నాడు.

కొత్త యజమాని పదిమంది ముందు నోరు పారేసుకునే సీను వచ్చింది. హీరో లేచి నిలబడ్డాడు. బొత్తాలు పెట్టుకున్నాడు. ఎడమ అంచు పైన, కుడి అంచు కింద. అందరికీ స్పష్టంగా కనిపించింది. వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి.

అత్త లేచింది. కత్తెర పట్టుకుని తెర పక్కగా నడిచి, అటువైపు మాయమైంది. తలుపు అటే ఉంది కాబట్టి అవమానంతో వెళ్ళిపోయిందని అందరూ అనుకున్నారు. నేను ప్రొజెక్టరు వదిలేసి పరిగెత్తాను.

ఆమె వెళ్ళలేదు. తెర వెనక, పాత పేపర్ల కట్టల మధ్య, నేలమీద కూర్చుని ఉంది. వెలుగు ఆమె ముఖం మీద ఆడుతోంది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అంది. "నీకు ముందే తెలుసు కదరా?"

"నిన్ననే తెలిసిందత్తా. చెప్పలేకపోయాను."

"మంచిపని చేశావు. చెప్పినా ఆపేదాన్ని కాను." నా భుజం పట్టుకుని లేచింది. "పద. అయిపోనీ, మాట నిలబెట్టుకుందాం."

సినిమా ముగిసి దీపాలు వెలిగాక ఆమె అందరి ముందుకీ వచ్చి నిలబడింది. బూడిదరంగు కోటు బొత్తాలు మూడూ పెట్టుకుని ఉంది.

"నేను మిల్లు టైలరు కూతుర్ని. ఈ సినిమా తెర వెనక గడ్డిలో కూర్చుని చూశాను. నాకు అటునుంచి కనిపించింది నేను కుట్టాను. సినిమా తీసినవాడు ముందు కూర్చున్నవాళ్ళ కోసం తీశాడు. కాబట్టి తప్పు నాదే. నలభై ఏళ్ళు మీ అందరికీ తిరగేసిన కోటు తొడిగాను." కత్తెర చుట్టిన గుడ్డ విప్పింది. "మాటంటే మాటే" అని, కత్తెరని పెద్ద లాయరుగారికి పిడి ముందుకి పెట్టి అందించింది. కత్తెర ఎప్పుడూ పిడి ముందుకే ఇవ్వాలని మా చిన్నప్పుడు నెత్తిన మొట్టి నేర్పింది ఆమే.

పెద్ద లాయరుగారు కత్తెర తీసుకున్నారు. తీసుకుని లేచి నిలబడ్డారు, కోర్టులో లేచినట్టే.

"నేను ఆ క్లబ్బులో ముందు వరసలో కూర్చునేవాణ్ణి" అన్నారు.

అత్త తలెత్తి చూసింది.

"మా నాన్న మిల్లు ఇంజినీరు. అప్పుడు నాకు పదమూడేళ్ళు. ఈ సినిమా రెండు రోజులు చూసి విసుగొచ్చి మానేశాను. తెర కింద మీ పాదాలు కనిపించేవి, వరసగా. ఆరో రోజు సైకిలు మీద అటుగా వెళ్తుంటే ఒక్క జతే ఉన్నాయి."

ఆయన అత్త వైపు తిరిగారు.

"టైలరమ్మా, మీరు నాకు కుట్టిన మొదటి కోటు వేసుకున్న రోజే నాకు తెలుసు, అది అటువైపు మూసుకుంటుందని. మా నాన్న కోటు చూసి పెరిగినవాణ్ణి కదా. చెబుదామనే వచ్చాను. అద్దం ముందు నిలబెట్టి చెయ్యెత్తమన్నారు. ఎత్తాను. కోటు కదల్లేదు. మా నాన్న కోటు చెయ్యెత్తితే చెవుల దాకా వచ్చేది. ఇంత బాగా కుదిరితే బొత్తాలు ఎటుంటే ఏమని ఊరుకున్నాను."

"ముప్పై ఎనిమిదేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నారా?" అత్తకి నిజంగానే కోపమొచ్చింది. "మొదటి రోజే చెబితే మారనా నేను? అంత మొండిదాన్నా?"

"చెప్పాల్సింది. తప్పే" అన్నారాయన. "మాట్లాడి బతికేవాణ్ణి. మాట్లాడాల్సిన ఒక్కచోట మాట్లాడలేదు." తర్వాత నా వైపు తిరిగారు. "బాబూ, ఆ చివరి సీను మళ్ళీ వెయ్యి. తీర్పు చెప్పేముందు సాక్షి ఎక్కడ నిలబడి చూసిందో అక్కడి నుంచి చూడాలి. టైలరమ్మా, మీరు నా కుర్చీలో కూర్చోండి."

కత్తెర పట్టుకుని ఆయన తెర వెనక్కి వెళ్ళారు. మోకాళ్ళు పట్టేసి నేలమీద కూర్చోవడానికి ఆయన పడ్డ అవస్థ మూలుగుల రూపంలో మాకు వినిపించింది. తెర కింద రెండు నల్ల బూట్లు కనిపించాయి. అత్త ఆయన కుర్చీలో కూర్చుని ఆ బూట్ల వంకే చూసింది.

దీపాలు తీసి బొమ్మ వేశాను. హీరో ఊరొదిలి వెళ్ళేముందు బల్ల దగ్గర చీటీ రాసే చోటు నుంచి. ఒక నిమిషం గడిచింది. తెర వెనక నుంచి కోర్టు దద్దరిల్లే ఆ గొంతు లేచింది.

"టైలరమ్మా! వీళ్ళందరూ ఎడమచేతి వాటమే!"

హాలు గొల్లున నవ్వింది. అత్త కూడా నవ్వింది, కోపం పోకుండానే. తెర మీద ఆ అమ్మాయి కొట్లోకి వచ్చింది. మనిషి లేడు. కోటు తీసి తొడుక్కుంది. ఆమె వేళ్ళు తెర నిండా వచ్చాయి. మొదటి బొత్తాం, రెండో బొత్తాం. ఈసారి ఎవరూ అంచులు చూడలేదని నేను చెప్పగలను. కొత్త లాయరు కళ్ళు తుడుచుకుంటున్నాడు. అత్త ముందువైపు నుంచి, ఎవరూ అడ్డంలేకుండా, కుర్చీలో కూర్చుని చూస్తోంది. తెలియకుండానే ఆమె చెయ్యి తన కోటు బొత్తాం మీదకి వెళ్ళింది.

బొమ్మ ఆగిపోయింది. దీపాలు వెయ్యబోతుంటే తెర కింద నుంచి ఒక చెయ్యి వచ్చింది. నల్లకోటు చెయ్యి. వేళ్ళు కత్తెర మొనని పట్టుకుని ఉన్నాయి, పిడి మా వైపు ఉంది.

"చూశాను" అన్నారు తెర వెనక పెద్ద లాయరుగారు. ఈసారి గొంతు వీధి చివరికి కాదు, మొదటి వరసకి మాత్రమే వినిపించింది. "బొత్తాలు అచ్చం నా కోటుకి ఉన్నట్టే ఉన్నాయి. మీ కత్తెర తీసుకోండమ్మా."

అత్త వెంటనే లేవలేదు. కొత్త లాయరు లేచి ఆమె పక్కకి వచ్చి, "నాకు ముందువైపుది ఒకటి కుట్టండమ్మా, నగరానికి. ఇక్కడికి ఇదే చాలు" అన్నాడు. కార్యదర్శి నేల చూపులు చూస్తూ అవునన్నట్టు తలూపాడు.

అప్పుడు లేచింది. తెర దాకా నడిచి, వంగి, ఆ చేతిలోంచి కత్తెర తీసుకుంది. పిడిలో వేళ్ళు దూర్చి ఒకసారి ఆడించి చూసుకుంది.

"రేపు కొలతలకి రండి లాయర్ గారూ" అంది, తెరతో మాట్లాడుతూ. "పొట్ట పెరిగింది. లేవలేకపోతున్నారు కదా, చెయ్యివ్వండి."